కార్ రేసింగ్ లైసెన్సు శిక్షణలో ఏం చేయిస్తారు? చిత్తూరు నుంచి వచ్చిన ప్రశ్నకు నా జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినవారిది చిత్తూరు, వయసు 26. సొంత హ్యాచ్‌బ్యాక్ కారు ఉంది. మొగిలి ఘాట్‌లోనూ, తిరుమల కొండదారిలోనూ బాగా నడుపుతారని స్నేహితులు మెచ్చుకుంటారట. శ్రీపెరంబుదూరు దగ్గరి ట్రాక్‌లో శిక్షణ పొంది రేసింగ్ లైసెన్సు తెచ్చుకోవాలని ఉంది. "అక్కడ ఏం చేయిస్తారు, ఫెయిల్ చేస్తారా, నా కారు తీసుకెళ్లవచ్చా, ముందుగా ఏమేం కొనుక్కోవాలి అన్నా?" అని అడిగారు.

అన్నా అన్నారు కాబట్టి తమ్ముడికి చెప్పినట్టే చెబుతాను. శిక్షణ సాధారణంగా రెండు మూడు రోజులు ఉంటుంది. అందులో సగం తరగతి గదిలోనూ, ఆగి ఉన్న కారు పక్కనా గడిచిపోతుంది. చాలాచోట్ల కారు, హెల్మెట్, సూటు వాళ్లే ఇస్తారు, కాబట్టి ఇప్పుడే ఏమీ కొనకండి. మొదటి రోజు మీరు ఆశించినంత వేగంగా వెళ్లనివ్వరు. ఫెయిల్ చేస్తారా అంటే, చేస్తారు. అయితే నెమ్మదిగా నడిపినందుకు ఎవరినీ ఫెయిల్ చేయగా నేను చూడలేదు. మీకు మూడడుగుల దూరంలో ఇంకో కారు నడుపుతున్న మనిషి మిమ్మల్ని నమ్మవచ్చా, లేదా? అక్కడి పరీక్షలన్నీ తిరిగి తిరిగి ఈ ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తాయి.

నా సంగతి కొంచెం చెప్పాలి. నాది తిరుపతి. రేణిగుంట రోడ్డులో కార్ల మరమ్మతు షెడ్డు ఉంది. మా నాన్న లారీ మెకానిక్. 1980ల మొదట్లో మద్రాసు దగ్గర శోలవరంలో, పాత విమానాల రన్‌వే మీద జరిగే రేసులకు నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లేవారు. ఆ పిచ్చి అక్కడే అంటుకుంది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ట్రాక్ మొదలయ్యాక రేసులన్నీ అక్కడికి మారాయి. మీరు వెళ్లాలనుకుంటున్నది ఆ ట్రాక్‌కే. ఒక చుట్టు 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. నేను 2004లో లైసెన్సు తీసుకుని ఆరు సీజన్లు టూరింగ్ కార్లు (రేసు కోసం మార్చిన మామూలు కార్లు) నడిపాను. గత పదేళ్లుగా వారాంతాల్లో శిక్షణ తరగతుల్లో సహాయకుడిగా పనిచేస్తున్నాను. మన రెండు జిల్లాల నుంచి వచ్చిన కుర్రవాళ్లను చాలామందిని దగ్గరగా చూశాను.

అందుకే ముందు కొండదారి గురించి మాట్లాడాలి. మనవాళ్లు ఎక్కువమంది ఆ ధైర్యంతోనే వస్తారు.

కొండదారి కొన్ని మంచి విషయాలు నేర్పుతుంది. ఏ గేరులో ఇంజన్ కారును పట్టి ఆపుతుందో తెలుస్తుంది. దిగేటప్పుడు బరువు ముందు చక్రాల మీదికి ఎలా వస్తుందో ఒంటికి తెలుస్తుంది. కానీ ట్రాక్ మీద పనికిరాని అలవాట్లు కూడా అక్కడే స్థిరపడతాయి. తిరుమల నుంచి దిగే పాత దారి 1944 నాటిది, 36 హెయిర్‌పిన్ మలుపులు. చివరి మలుపులకు వచ్చేసరికి బ్రేకులు కాలిన వాసన మీకు తెలిసే ఉంటుంది. పాదం బ్రేకు మీదే ఆనించి కొండంతా దిగడం వల్ల వచ్చే వాసన అది. ట్రాక్ మీద బ్రేకు అలా వేయకూడదు. గట్టిగా, తక్కువసేపు వేసి వదిలేయాలి. అప్పుడే డిస్కులకు చల్లబడే వ్యవధి దొరుకుతుంది. పాదం ఆనించి ఉంచితే వేడి బ్రేకు ద్రవంలోకి చేరుతుంది. మామూలు కార్లలో వాడే డాట్ 4 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా తట్టుకుంటుంది. గాలిలోని తేమ పీల్చుకుని పాతబడితే 155 డిగ్రీలకే మరిగే స్థితికి రావచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ స్పాంజిలా మెత్తబడి నేలకు తగులుతుంది, కారు ఆగదు.

రెండో అలవాటు ఎడమ వైపు అంటిపెట్టుకోవడం. రోడ్డు మీద అది ప్రాణాలు కాపాడుతుంది. ట్రాక్ మీద ఎదురుగా వచ్చే బండి ఉండదు, వెడల్పు మొత్తం మీదే. కుడి మలుపు వస్తే ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి వైపు కుడి అంచును తాకి, మళ్లీ ఎడమ అంచుకు కారును వదలాలి. ఇది నోటితో చెప్పగానే అందరికీ అర్థమవుతుంది. కానీ కారు ఎక్కాక ఏళ్ల నాటి అలవాటు చేతులను పట్టి ఆపుతుంది. రోడ్డు మధ్యలో గీత లేకపోయినా ఉన్నట్టే భావించి ఎడమ సగంలోనే తిరిగేవాళ్లను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాను. మీకూ అలాగే అవుతుంది, కంగారు పడకండి. రెండో రోజు మధ్యాహ్నానికి సర్దుకుంటుంది.

ఒక మాట కచ్చితంగా చెప్పాలి. కొండదారిలో పందేలు పెట్టుకోకండి. అలిపిరిలో సమయం వేసి చీటీ ఇచ్చేది ఎందుకో మీకు తెలుసు: పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాల కంటే ముందే చేరితే జరిమానా. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా బహిరంగ రహదారిపై పందెం నడిపితే మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే ఏడాది వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ మలుపు అవతల పిల్లాపాపలతో మొక్కు తీర్చుకోవడానికి వెళ్లే కుటుంబం ఉంటుంది. మీ వేగం గురించి వాళ్లకు ఎవరూ ముందుగా చెప్పలేదు. ట్రాక్ మీద మీ చుట్టూ ఉన్నవాళ్లందరూ ప్రమాదం తెలిసి, ఒప్పుకుని, బెల్టులు బిగించుకుని వచ్చినవాళ్లు. ఆ తేడా చాలా పెద్దది.

ఇక శిక్షణ ఎలా సాగుతుందో చూద్దాం.

ఉదయం ఏడున్నర, ఎనిమిదికి హాజరు. ముందు కాగితాలు, ప్రమాద బాధ్యతకు సంబంధించిన సంతకాలు. ఆ తర్వాత తరగతి. మొదటి పాఠం కూర్చునే తీరు గురించి. మీకు అది వృథా అనిపించవచ్చు. సీటు వెనక్కి వాల్చి, ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేయి గేరు మీద పెట్టి నడిపే అలవాటు మనలో చాలామందికి ఉంది. అక్కడ సీటు నిటారుగా పెట్టిస్తారు. వీపు సీటుకు ఆని ఉండగానే మణికట్టు స్టీరింగు పైభాగాన ఆనాలి. బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. ఎందుకంటే కారు జారడం మొదలైనప్పుడు ఆ కబురు మొదట నడుముకు, వీపుకు తెలుస్తుంది, ఆ తర్వాతే కళ్లకు. సీటులో వదులుగా కూర్చున్నవాడికి అది ఆలస్యంగా అందుతుంది.

తర్వాత టైరు పట్టు గురించి చెబుతారు. నేను పిల్లలకు చెప్పే తీరు ఇది: టైరుకు ఉన్న పట్టు నెల జీతం లాంటిది. బ్రేకుకు మొత్తం ఖర్చు చేస్తే మలుపు తిప్పడానికి పైసా మిగలదు. తిప్పడానికి మొత్తం వాడితే బ్రేకుకు మిగలదు. అందుకే మొదట్లో సూటిగా ఉన్నప్పుడే బ్రేకు ముగించి, ఆ తర్వాతే స్టీరింగు తిప్పమంటారు. బ్రేకును కొద్దికొద్దిగా వదులుతూ మలుపులోకి వెళ్లడం తర్వాతి దశ. దానికి తొందర పడకండి.

మధ్యాహ్నం కోన్ల మధ్య పాములా నడపడం, నిలువు బ్రేకు (సూటిగా వెళ్తూ గట్టిగా బ్రేకు వేసి ఆపడం), హఠాత్తుగా దారి మార్చడం. నిలువు బ్రేకు దగ్గర దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) పనిచేయడం మొదలై పెడల్ కాలి కింద టకటకా కొట్టుకోగానే భయపడి కాలు తీసేస్తారు. తీయకూడదు, ఇంకా గట్టిగా తొక్కాలి. ఏబీఎస్ లేని కారు ఇస్తే చక్రం బిగుసుకునే అంచు ఎక్కడుందో పాదంతో వెతుక్కోవాలి. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలవుతుందని పుస్తకంలో చదివి ఉంటారు. 60లోనూ, 120లోనూ ఒకే గీత దగ్గర బ్రేకు వేసి, కారు ఎక్కడ ఆగిందో దిగి నడిచి చూసినప్పుడు ఆ లెక్క కాళ్లకు తెలుస్తుంది. ఆ నడక తప్పకుండా నడవండి.

ఆ తర్వాతే అసలు ట్రాక్. ముందు శిక్షకుడి కారు, వెనక మీరు. ఆయన కారు వెళ్లే గీతలోనే, నాలుగైదు కార్ల దూరంలో. అపెక్స్ (మలుపు లోపలి అంచును తాకే చోటు) దగ్గర, బ్రేకు వేసే చోట కోన్లు పెడతారు. పొడవైన సూటి దారికి ముందున్న మలుపులో ఆలస్యంగా లోపలికి తిరగమంటారు, ఎందుకంటే ఆ మలుపులోంచి బయటకు వచ్చే వేగమే ఆ దారంతా మీతో వస్తుంది. ముందే తిరిగితే మలుపు మొదట్లో బాగున్నట్టుంటుంది, చివర్లో రోడ్డు అయిపోతుంది. యాక్సిలరేటర్ వదలక తప్పదు. మలుపు మధ్యలో భయపడి కాలు ఒక్కసారిగా తీస్తే ఇంజన్ ముందు చక్రాలను తిప్పే కారులో బరువంతా ముందుకు వచ్చి వెనక భాగం తేలికై తిరిగిపోతుంది. కారు గిర్రున తిరగడం మొదలయ్యాక ఇంక సరిదిద్దే వీలు లేదనిపిస్తే క్లచ్, బ్రేకు రెండూ నేలకు తొక్కేయండి. కారు ఒక్క దిక్కున జారుతుంది, వెనక వచ్చేవాళ్లు దాన్ని తప్పించుకోగలుగుతారు. ఆగాక నిప్పు లేకపోతే బెల్టు విప్పకండి, దిగకండి. మార్షల్ (ట్రాక్ పక్కన జెండాలతో నిలబడి భద్రత చూసే మనిషి) వచ్చి చెప్పేదాకా లోపలే ఉండండి.

ఇప్పుడు నాకు బాగా గుర్తున్న ఒక కాగితం గురించి చెబుతాను.

2004లో నా శిక్షణ మొదటి రోజు సాయంత్రం. పొడవైన దారి చివర 150, 100, 50 మీటర్ల పలకలు ఉంటాయి. మా శిక్షకుడు అడ్డుగోడ వెనక నోటు పుస్తకంతో నిలబడ్డారు. నేను పది చుట్లు కొట్టాను. చివరి చుట్టు మొదటి దానికంటే నాలుగు సెకన్లు తక్కువ. ఉత్సాహంగా దిగాను. ఆయన ఒక కాగితం చేతికిచ్చారు. దాని మీద మూడు అడ్డగీతలు, అవే పలకలు. వాటి మధ్య పెన్సిలుతో పది చుక్కలు. చుట్టు చుట్టుకూ నా బ్రేకు లైట్లు ఎక్కడ వెలిగాయో ఆ చుక్కలు. ఒకటి 150 పలక దగ్గర, ఒకటి 90 దగ్గర, ఇంకోటి 120, మిగిలినవి విత్తనాలు చల్లినట్టు. ఆయన అడిగింది ఒక్కటే: "ఇందులో ఏ చుక్క దగ్గర బ్రేకు వేయాలి, నీ వెనక వచ్చేవాడు?"

నా దగ్గర జవాబు లేదు. గంటకు 150 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 42 మీటర్లు పోతుంది. నేను చుట్టుకొక చోట బ్రేకు వేస్తుంటే, వెనకవాడు అర సెకను తేడాలో నా డిక్కీలోకి వచ్చేస్తాడు. మరుసటి రోజు వేగం సంగతి వదిలేసి ఒకే చోట బ్రేకు వేయడం మీదే మనసు పెట్టాను. సాయంత్రానికి చుక్కలన్నీ ఒక కారు పొడవులో ఇమిడాయి. విచిత్రంగా సమయం కూడా ఇంకో రెండు సెకన్లు తగ్గింది. ఆ రెండు కాగితాలూ ఇప్పటికీ షెడ్డులో నా బల్ల అద్దం కింద ఉన్నాయి. ఇప్పుడు కొన్నిచోట్ల ఈ పని డేటా లాగర్ చేస్తుంది. బ్రేకు, యాక్సిలరేటర్ గీతలు కంప్యూటర్ తెర మీద శిక్షకుడి గీతల పక్కన పెట్టి చూపిస్తారు. అది మీకు దొరికితే సిగ్గుపడకుండా ప్రతి గీత గురించీ అడగండి.

జెండాలు. రాత పరీక్షలో ఎక్కువ ప్రశ్నలు వీటి మీదే ఉంటాయి. ఇంట్లోనే కంఠస్థం చేసి వెళ్లండి. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించాలి, ఎవరినీ దాటకూడదు. రెండు పసుపు జెండాలు ఊపితే ట్రాక్ కొంతో పూర్తిగానో మూసుకుపోయింది, ఆగడానికి సిద్ధంగా ఉండాలి. ఎరుపు చూపిస్తే సెషన్ ఆగిపోయింది. పసుపు ఎరుపు చారలుంటే నూనో నీళ్లో పడి దారి జారుతోంది. నీలం చూపిస్తే వెనక మీకంటే వేగమైన కారు వస్తోంది. తెలుపు కనిపిస్తే ముందు నెమ్మదిగా వెళ్లే వాహనం ఉంది. నల్ల జెండాతో మీ నంబరు చూపిస్తే పిట్‌కు, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటికి రావాలి. నలుపు మీద నారింజ వృత్తం ఉంటే మీ కారులో లోపం ఉందని అర్థం.

కంఠస్థం చేయడం ఒక ఎత్తు, వేగంలో చూడగలగడం ఇంకో ఎత్తు. నేను తప్పింది అక్కడే. రెండో రోజు మధ్యాహ్నం ముందున్న కారు బంపర్ మీదే కళ్లు పెట్టి ఒక పసుపు జెండాను చూడకుండా దాటిపోయాను. పక్కన కంకరలో తోటి విద్యార్థి కారు దిగబడి ఉంది, ఇద్దరు మార్షళ్లు దాని వైపు పరుగెత్తుతున్నారు. నన్ను పిట్‌కు పిలిచారు. ఎవరూ తిట్టలేదు. హెల్మెట్ తీయించి, మార్షల్ పోస్టు దగ్గరికి పంపి పొద్దుగూకేదాకా అక్కడే నిలబడమన్నారు.

అక్కడి నుంచి చూస్తే కారు వేరుగా కనిపిస్తుంది. లోపల ఉన్నప్పుడు అదుపులో ఉన్నట్టనిపించే వేగం, బయట పదిహేను అడుగుల దూరంలో నిలబడితే ఛాతీకి తగులుతుంది. చక్రాల కింది ఇసుక రేణువులు ముఖానికి కొడతాయి. నా పక్కన జెండా పట్టుకున్న అబ్బాయి చెన్నైలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఇష్టంతో వచ్చిన స్వచ్ఛంద సేవకుడు. కారు బయటికి పోతే ఆ అబ్బాయి ట్రాక్ అంచు దాకా పరుగెత్తాలి. వాడికున్న రక్షణ చేతిలోని గుడ్డ ముక్క, దాన్ని చూసే డ్రైవరు కళ్లు. ఆ సాయంత్రం తర్వాత నేను ఒక్క జెండా తప్పలేదు. నాకు ఆ ఏడాది మూడో రోజు మళ్లీ చేయించి, ఆ తర్వాతే సర్టిఫికెట్ ఇచ్చారు.

ఎవరు పాసవుతారు, ఎవరు ఫెయిలవుతారు అన్నదానికి రెండు ఉదాహరణలు. తిరుపతి నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. చేతిలో నిజంగా ప్రతిభ ఉంది, బ్యాచ్‌లో అందరికంటే వేగం. కానీ ఎవరైనా దాటితే తట్టుకోలేడు. తర్వాతి మలుపులోనే తిరిగి దూరాలి. రెండుసార్లు ట్రాక్ బయటికి పోయి, వెనక ఎవరు వస్తున్నారో చూడకుండా నేరుగా మళ్లీ లోపలికి వచ్చేశాడు. చెబితే తప్పు టైర్లదన్నాడు. అతనికి ఆసారి సర్టిఫికెట్ ఇవ్వలేదు. అదే బ్యాచ్‌లో మదనపల్లె నుంచి వచ్చిన ఒక స్కూలు టీచరమ్మ ఉన్నారు. కారు నేర్చుకుని రెండేళ్లే అయింది. మొదటి రోజు అందరికంటే వెనక. చెప్పిన ప్రతి మాటా పుస్తకంలో రాసుకుని, మరుసటి చుట్టులో అదే చేసి చూపించేవారు. రెండుసార్లు కారు తిరిగిపోయింది, రెండుసార్లూ చెయ్యెత్తి మార్షల్ కోసం ఓపిగ్గా ఆగారు. ఆమె హాయిగా పాసయ్యారు. కారు తిరగడం తప్పు కాదని గుర్తుంచుకోండి. తిరిగాక ఏం చేశారన్నదే చూస్తారు.

చివరి రోజు ఆగి ఉండి బయలుదేరే అభ్యాసం, దగ్గర దగ్గరగా నడపడం, దాటడం ఉంటాయి. దాటేటప్పుడు పక్కవాడికి కనీసం ఒక కారు పట్టేంత చోటు వదలాలి. మీ స్థానం కాపాడుకోవడానికి ఒక్కసారే దారి మారవచ్చు, అటూ ఇటూ ఊగకూడదు. మొదటి చుట్టులో టైర్లు చల్లగా ఉంటాయి, పట్టు తక్కువ. సగం ప్రమాదాలకు ఆ తొందరే కారణమని నా అనుభవం. వాన పడితే మాత్రం మీ అదృష్టం అనుకోండి. రోజూ తిరిగే గీత మీద అరిగిన రబ్బరు పేరుకుని, తడిస్తే నున్నగా జారుతుంది. అప్పుడు ఆ గీత వదిలి గరుకు తారు వెతుక్కోవాలి. ఒక్క తడి సెషన్ మూడు పొడి సెషన్లకు సమానం.

లైసెన్సు గురించి. మన దేశంలో మోటారు క్రీడల లైసెన్సులు ఇచ్చేది ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా. శిక్షణ సంస్థ ఇచ్చేది సర్టిఫికెట్ మాత్రమే. దానితో, వైద్య పరీక్ష పత్రం, రక్త గ్రూపు వివరాలతో ఫెడరేషన్‌కు దరఖాస్తు చేయాలి. కాబట్టి డబ్బు కట్టే ముందు ఆ సంస్థకు ఫెడరేషన్ ఆమోదం ఉందో లేదో, ఏ స్థాయి లైసెన్సుకు ఆ సర్టిఫికెట్ చెల్లుతుందో రాతపూర్వకంగా అడగండి. కొన్నిచోట్ల సరదాగా ట్రాక్ చూపించే ఒకరోజు కార్యక్రమాలను కూడా రేసింగ్ స్కూల్ అనే ప్రకటిస్తారు. వాటితో లైసెన్సు రాదు. లైసెన్సు గడువు ఆ ఏడాది డిసెంబరు 31తో ముగుస్తుంది, కాబట్టి నవంబరులో తీసుకుని నష్టపోకండి. రంగులు సరిగ్గా కనిపించకపోతే జెండాలతో ఇబ్బంది, ముందే కంటి పరీక్ష చేయించుకోండి.

ఫీజు ఎంతని నేను అంకె చెప్పను, కారును బట్టీ ఏడాదిని బట్టీ మారుతుంది. కానీ మూడు ప్రశ్నలు వేయండి: టైర్లు, పెట్రోలు అందులో కలిసి ఉన్నాయా? కారు దెబ్బతింటే నా వాటా ఎంత? వాన వల్లో, వేరే కారణం వల్లో సెషన్ రద్దయితే మళ్లీ ఇస్తారా? రెండో ప్రశ్న అడగకుండా సంతకం పెట్టి తర్వాత అప్పు చేసినవాళ్లు నాకు తెలుసు.

కొనడం. శిక్షణ పూర్తయి, ఈ ఆట మీదేనని తేలాకే కొనండి. మోటార్‌సైకిల్ హెల్మెట్‌తో సరిపెట్టుకోవద్దు. కారు రేసుల హెల్మెట్‌ను నిప్పు తట్టుకునేలా, కారు లోపలి ఇనుప పంజరానికి పదేపదే తగిలినా నిలిచేలా పరీక్షిస్తారు. హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ ముద్రలో "ఎస్ఏ" అని ఉండేవి అవి, "ఎం" అని ఉండేవి బైకులవి. మెడను కాపాడే హాన్స్ పరికరం మీద బేరం ఆడకండి. ఫార్ములా వన్‌లో 2003 నుంచి అది తప్పనిసరి. శిక్షణకు వెళ్లేటప్పుడు మాత్రం పలుచని అడుగు ఉన్న బూట్లు, లోపల పూర్తిగా నూలు బట్టలు వేసుకోండి. నైలాన్ బనియన్లు, మేజోళ్లు వద్దు. నిప్పు తగిలితే అవి కరిగి చర్మానికి అతుక్కుంటాయి.

మీ కారు. లైసెన్సు శిక్షణకు అక్కర్లేదు. తర్వాత సొంత కార్లను అనుమతించే ట్రాక్ రోజులకు తీసుకెళ్లవచ్చు. కానీ మన మామూలు కారు పాలసీలో రేసులు, వేగ పరీక్షలు మినహాయింపుల కింద ఉంటాయి. గోడకు తగిలితే ఆ ఖర్చు మీదే. వెళ్తే బ్రేకు ద్రవం కొత్తది పోయించండి, బ్యాటరీ బిగింపు చూడండి, కారు లాగే కొక్కెం అమర్చుకోండి, లోపల వదులుగా ఒక్క వస్తువూ ఉంచకండి. డాష్‌బోర్డు మీది స్వామివారి ప్రతిమ కూడా తీయాలి. ఢీకొన్నప్పుడు అది రాయిలా ఎగిరి వస్తుంది. మొదటిసారి తీయమన్నప్పుడు నాకు మనసొప్పలేదు. పరీక్షించే పెద్దాయన చేతులు తుడుచుకుని, తానే రెండు చేతులా తీసి, పిట్ గరాజ్‌లో గోడ గూడు తుడిచి అక్కడ పెట్టారు. "ఇక్కడి నుంచి చూస్తుంటారులే" అన్నారు. అప్పటి నుంచి ప్రతి రేసుకూ ముందు అది నా మొదటి పని.

చిత్తూరు నుంచి రాణిపేట, కాంచీపురం మీదుగా హైవే దారి సులువే. అయినా తెల్లవారుజామున లేచి నడుపుకుంటూ వెళ్లకండి. ముందు రోజు రాత్రే శ్రీపెరంబుదూరులో బస చేసి కంటినిండా నిద్రపోండి. హెల్మెట్, సూటులో ఇరవై నిమిషాలకే చొక్కా పిండితే నీళ్లు కారతాయి. ఉదయం రెండు ఇడ్లీలు చాలు, రోజంతా ఉప్పు వేసిన మజ్జిగ తాగుతూ ఉండండి. దాహం వేసేసరికే మీ చేతుల వేగం తగ్గిపోయి ఉంటుంది.

డబ్బు కట్టే ముందు ఇంకొక పని చేయమని నా కోరిక. రాబోయే రేసు వారాంతానికి మార్షల్‌గా పేరు ఇవ్వండి. క్లబ్బులకు ఎప్పుడూ మనుషులు కావాలి. పని వాళ్లే నేర్పుతారు. రెండు రోజులు జెండా పట్టుకుని నిలబడితే పన్నెండు మలుపుల్లో ఒకదాన్ని క్షుణ్ణంగా చదివినట్టవుతుంది. ఎవరు ఎక్కడ బ్రేకు వేస్తున్నారో మీ కళ్లతో చూస్తారు. ఆ తర్వాత కూడా శిక్షణకు వెళ్లాలనిపిస్తే నిశ్చింతగా వెళ్లండి. పోస్టుల దగ్గర నీడ తక్కువ, అంచున్న టోపీ, రెండు లీటర్ల నీళ్లు వెంట పెట్టుకోండి.